ఆ ఒక్క రికార్డు తప్ప

"దీన్ని ఎవరు విప్పారు?" అని అడిగింది ఆమె, తల ఎత్తకుండానే.

"నేనే" అన్నాడు కౌంటరు అవతల నిలబడ్డ యువకుడు.

"ఎలా?"

"వీడియో చూసి."

అప్పుడు తల ఎత్తింది. "మీరేం చేస్తుంటారు?"

"ఫిజియోథెరపీ. రెండు వీధుల అవతల నా క్లినిక్."

"ఎవరైనా వీడియో చూసి తన మోకాలు తనే విప్పుకుని మీ దగ్గరికొస్తే ఏమంటారు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "అసలు నడిచి ఎలా వచ్చావని అడుగుతాను" అన్నాడు.

వెనక బల్ల దగ్గర పాత ఆంప్లిఫయరు ముందేసుకుని కూర్చున్న బాబాయి దగ్గినట్టు నవ్వాడు. ఆ రిపేరు షాపు బాబాయిదే. రేడియోలూ టీవీలూ ఆయన చూసుకుంటే, కంప్యూటర్లూ ఫోన్లూ డ్రైవ్‌లూ అయిదేళ్ళుగా ఆమె చూసుకుంటోంది. గిరాకీలు ఆమెను 'ఇంజనీరమ్మ' అని పిలుస్తారు. నోటి దురుసు ఉన్నా చేతిలో పనుందని అందరికీ నమ్మకం.

క్లినిక్ తువ్వాలులో చుట్టి అతను తెచ్చినవి రెండు: పదేళ్ళనాటి గేమ్ కన్సోల్ ఒకటి, అరచేతిలో పట్టే హార్డ్ డ్రైవ్ ఒకటి.

"ఆపరేషన్ అయినవాళ్ళని ఒంటికాలి మీద నిమిషం నిలబడమంటే ఎవరూ నిలబడరండీ" అని వివరించాడు ఫిజియో. "దీనికో పలక ఉంటుంది, ఏ కాలి మీద ఎంత బరువు పడుతోందో కొలుస్తుంది. దాని మీద ఎక్కించి, ఒళ్ళు అటూ ఇటూ వంచుతూ తెర మీద బంతి దొర్లించమంటే పది నిమిషాలు తెలీకుండా నిలబడతారు. డిస్కులు చదివే లెన్సు అరిగిపోయింది. అందుకని నా డిస్కులన్నీ ఈ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆటలు డ్రైవ్‌లోంచే నడిచేలా కన్సోల్‌ని మాడిఫై చేశాను. పేషెంట్ల రికార్డులు కూడా ఇందులోనే పడతాయి. ఇప్పుడేమో ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి డ్రైవ్ లేదంటుంది."

"వెనక రెండు పోర్టులున్నాయి. ఎందులో పెడుతున్నారు?"

"ఏది ఖాళీగా ఉంటే అందులో."

ఆమె నిట్టూర్చింది. "మాడిఫై చేసిన ఈ కన్సోల్ డ్రైవ్ కోసం ఒక్క పోర్టునే చూస్తుంది, అంచు వైపుది. రెండోదాంట్లో పెడితే మీ డ్రైవ్ ఉందని కూడా దానికి తెలీదు."

డ్రైవ్‌ను అంచు పోర్టులో పెట్టింది. తెర మీద ఆటల బొమ్మలు వరసగా తేలాయి. అతను ఆ బొమ్మలను చూడవలసింది పోయి ఆమెను చూశాడు. ఆ చూపుకు ఏం చెయ్యాలో తోచక, "సరే, తీసుకెళ్ళండి" అంది ఆమె, అవసరమైనదానికంటే కొంచెం కటువుగా.

శుక్రవారం మళ్ళీ వచ్చాడు. బయట వాన. తువ్వాలు పొడిగా ఉంది, మనిషి తడిసి ముద్దయ్యాడు.

"పావుగంట బాగా ఆడుతోంది. తర్వాత బంతి మధ్యలో ఆగిపోతోంది. పేషెంట్లు ఒంటికాలి మీద అలాగే ఉండిపోతున్నారు."

"కేబుల్ ఏదీ?" తీసి చూసింది. "ఇదీ సంగతి. దీనికి ఒక్కటే తల. ఒక పోర్టు ఇచ్చే కరెంటు ఈ డ్రైవ్‌కి చాలదు. రెండు తలల కేబుల్ వాడి రెండో పోర్టు నుంచి కూడా కరెంటు లాగాలి."

"అంటే నీరసం."

"మీ భాషలో అంతే."

"మందు రాసివ్వండి డాక్టరుగారూ."

నవ్వు ఆపుకోబోయింది కానీ ఆగలేదు. అతను వెళ్ళిపోయాక బాబాయి అన్నాడు, "అమ్మాయ్, ఆ డబ్బా రోగం మనకి అంటుకునేట్టుందే."

"కేబుల్ మార్చాను బాబాయ్. ఇంక రాడు."

"నేను డబ్బా గురించి అన్నాను. నువ్వు మనిషి గురించి చెప్తున్నావు."

సోమవారం అతని ఫోను వచ్చింది. డ్రైవ్‌లోంచి ఏదో చప్పుడు వస్తోందట, ఒకసారి క్లినిక్‌కే వచ్చి చూడగలరా అని. ఆమె అద్దంలో రెండుసార్లు చూసుకుని బయలుదేరింది. పనిముట్ల సంచీ మరిచిపోయి సగం దారిలో వెనక్కి వచ్చింది. బాబాయి ఏమీ అనకుండా సంచీ అందించాడు. అనకపోవడమే ఎక్కువ అయింది.

క్లినిక్ తలుపు తీసేసరికి లోపల ఒక అమ్మాయి పలక మీద ఒంటికాలిపై నిలబడి ఉంది. ఎంత పొడుగంటే, చెయ్యి ఎత్తితే ఫ్యాను అందేలా ఉంది. మోకాలి మీద నిలువుగా ఆపరేషన్ గీత. పక్కన ఫిజియో, ఆమె నడుముకు జానెడు దూరంలో చెయ్యి చాపి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"యాభై ఎనిమిది... యాభై తొమ్మిది... అరవై. దించు" అన్నాడు.

"ఇంకో పది" అంది పొడుగమ్మాయి.

"దించమన్నానా?"

"మీరు భయపడుతున్నారు. నేను కాదు." ఇద్దరూ నవ్వారు. చాలాకాలంగా కలిసి నవ్వుతున్నవాళ్ళ నవ్వు అది.

గుమ్మంలో నిలబడ్డ ఇంజనీరమ్మకు ఆ జానెడు దూరం కంట్లో నలుసులా పడింది. మీరు మీరు అంటూ తనతో అంత మర్యాదగా మాట్లాడే మనిషి ఈమెను 'దించు' అంటున్నాడు.

"రండి రండి" అన్నాడతను చూసి. "ఈమె వాలీబాల్ ప్లేయరు. వీరు మన డ్రైవ్‌ని బతికిస్తున్నవారు."

మన డ్రైవ్. ఆ 'మన'లో ఎవరెవరున్నారో ఆమెకు అర్థం కాలేదు.

తెర మీద పేషెంట్ల జాబితా ఉంది. ఎడమ మోకాలు ఒకటి, ఎడమ మోకాలు రెండు, నడుము నాలుగు, తుంటి తాతగారు. అలా నలభై రెండు. వాటన్నిటి మధ్యా ఒక్కటి మాత్రం 'మెరుపు'. ఎవరని అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

డ్రైవ్‌ను చెవి దగ్గర పెట్టుకుంది. టిక్, టిక్, కాస్త ఆగి టిక్.

"ఇక దీన్ని నడపకండి" అంది. "ఈసారి పోర్టూ కాదు, కేబులూ కాదు. డ్రైవే పోతోంది. నేను తీసుకెళ్ళి, ఉన్నదంతా కొత్తదాంట్లోకి దించుతాను."

అతని ముఖం మారింది. "ఎనిమిది నెలల రికార్డులండీ అందులో. మెరుపుది మాత్రం ఎలాగైనా రావాలి. ఇరవయ్యో తారీఖున వాళ్ళ జట్టుకి సెలెక్షన్."

"మిగతావాళ్ళవో?"

"అవీ కావాలి. కానీ ఆమెది ముందు."

ఆమెది ముందు. తిరిగి వచ్చేదారిలో వాన లేదు, గొడుగు మాత్రం తెరిచే ఉంది. ఎదురొచ్చినవాళ్ళు వింతగా చూస్తుంటే చాలాసేపటికి గమనించి మూసింది.

మర్నాడు కొత్త డ్రైవ్‌ను కన్సోల్‌కు నచ్చే పద్ధతిలో ఫార్మాట్ చేసి, పాతదాన్ని పక్క పోర్టులో పెట్టి కాపీ మొదలుపెట్టింది. ఆటలన్నీ వచ్చాయి. రికార్డులు ఒక్కొక్కటే వచ్చాయి. తుంటి తాతగారు వచ్చాడు. నడుములన్నీ వచ్చాయి. నలభై ఒకటి వచ్చాక తెర మీద కదులుతున్న గీత ఆగింది. పాత డ్రైవ్ టిక్కుమంది. తెర అడిగింది: మళ్ళీ ప్రయత్నించాలా, వదిలెయ్యాలా?

ఆగింది 'మెరుపు' దగ్గర.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు. డ్రైవ్‌ను చల్లారనివ్వాలి. చదవగలిగిన ముక్కల్ని ముందు చదివి, చదవలేని చోటుకు వెనకవైపు నుంచి మెల్లగా రావాలి. ఓపిక ఉంటే పదింట ఎనిమిదిసార్లు వస్తుంది. ఎవరివో పెళ్ళి ఫొటోల కోసం ఒకసారి నాలుగు రోజులు అలా కూర్చుంది.

ఇప్పుడు కూర్చోలేదు. 'వదిలెయ్' నొక్కింది.

"అయిపోయిందా?" అని అడిగాడు బాబాయి.

"ఒకటి రాలేదు."

"మళ్ళీ చూశావా?"

"చూశాను" అంది. ఆ షాపులో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

సాయంత్రం ఫిజియో వచ్చాడు. నలభై ఒకటీ వచ్చాయని విని అతని ముఖం వెలిగింది. రానిది 'మెరుపు' అని విని కౌంటరు పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె అతని కళ్ళలోకి చూడకుండా బిల్లు పుస్తకం సర్దింది.

"మీరు చెయ్యగలిగిందంతా చేశారు" అన్నాడు చివరికి. "తప్పు నాది. ఇంకో కాపీ పెట్టుకోవలసింది. థాంక్సండీ."

తిట్టినా బాగుండేది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆ థాంక్సే వినిపించింది. ఆమెది పోయిందని బాధపడుతున్నాడు, అంతగా బాధపడుతున్నాడంటే ఇంకేముంది, అని అసూయే మళ్ళీ వాదనకు దిగింది. తప్పు చేసినా దానికి సిగ్గు లేదు.

రెండు రోజుల తర్వాత పొడుగమ్మాయే షాపుకు వచ్చింది. తల వంచి గుమ్మం దాటింది.

"అక్కా, పాత డ్రైవ్ పారేశారా?"

అక్కా. ఇద్దరికీ మహా అయితే ఏడాది తేడా ఉంటుంది. "ఉంది. ఎందుకు?"

"ఏం లేదు. ఉందా అని అడిగానంతే." స్టూలు మీద కూర్చుని కాలు చాపింది. "నా మోకాలు ఇప్పుడు బాగానే ఉంది. కానీ సెలెక్షన్ కమిటీవాళ్ళు 'బాగుంది' అంటే వినరు. ఎడమకాలు ఎంత బరువు మోస్తోంది, నెలనెలా ఎంత పెరిగింది, అది చూపిస్తేనే మైదానంలోకి పిలుస్తారు. లేకపోతే, 'ఆపరేషన్ అయిన కాలు, వచ్చే ఏడాది చూద్దాం' అంటారు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది."

ఇంజనీరమ్మ చూపు డ్రైవ్ ఉన్న అడుగు అర మీదికి పోయింది.

"ఆయనైతే రెండు రోజులుగా అన్నం తినట్లేదు. రికార్డులో నా పేరు 'ఎడమ మోకాలు మూడు' అని రాశాడు మొదట్లో. నేను మూడో మోకాలినా అని దెబ్బలాడి నేనే 'మెరుపు' అని మార్చుకున్నాను. ఇప్పుడేమో, 'నీ పేరు మార్చకపోతే పోయేది కాదేమో' అంటున్నాడు. పిచ్చి మనిషి."

ఆ పేరు అతను పెట్టింది కాదన్నమాట. ఆమెకు ఒక్క క్షణం తేలికైంది. మరుక్షణం ఆ తేలికకే సిగ్గేసింది.

"అక్కా, ఇంకో మాట" అంది పొడుగమ్మాయి గొంతు తగ్గించి. "మీరు ఆయన్ని ఈమధ్య తరచు చూస్తున్నారు కదా. ఆయనకెవరైనా ఉన్నారా?"

"నాకేం తెలుసు?"

"సెలెక్షన్ అయ్యాక అడుగుదామనుకుంటున్నాను. అప్పటిదాకా నేను పేషెంటుని. అడిగితే ఆయన ఇబ్బంది పడతాడు."

"అడగండి" అంది ఇంజనీరమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు ఒంట్లో ఉన్న బలమంతా కావలసివచ్చింది.

పొడుగమ్మాయి వెళ్ళాక ఇంజనీరమ్మ బల్ల మీది స్క్రూలన్నీ డబ్బాలో సర్దింది. తర్వాత లేచి, అడుగు అరలోంచి పాత డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"రాలేదన్నావు కదా" అన్నాడు బాబాయి.

"మళ్ళీ చూడలేదు బాబాయ్. చూశానని అబద్ధం చెప్పాను."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "పని మన చేత కాకపోతే తప్పు కాదమ్మా. చేతనైన పనిని చేత కాదనడం తప్పు. ఈ షాపుకి జనం వచ్చేది ఆ ఒక్క నమ్మకంతోనే." లేచి, తన వైపున్న టేబుల్ ఫ్యాను తీసుకొచ్చి డ్రైవ్ మీదికి తిప్పాడు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. అరగంట చదవనివ్వడం, గంట చల్లారనివ్వడం. ఎదురుగా వెళ్తే డ్రైవ్ మొండికేసేది. వెనకనుంచి వెళ్తే ఒక్కో ముక్క వదిలేది. నెలలు వెనక్కి నడిచాయి: ఎనిమిదో నెల, ఏడో నెల, ఆరు. మధ్యలో ఎన్నోసార్లు అనిపించింది, తన చేతులతో తనే పెళ్ళిపీట వేసి పొడుగమ్మాయిని కూర్చోబెడుతున్నట్టు. ఈ రికార్డు వస్తే ఆమె ఎంపికవుతుంది. ఎంపికైతే అతన్ని అడుగుతుంది. అయినా చెయ్యి ఆగలేదు. మొదటి నెల రికార్డులో ఎడమకాలి మీద పొడుగమ్మాయి నిలబడిన సమయం నాలుగు సెకండ్లు. ఆ నాలుగు చూశాక ఇంజనీరమ్మ కళ్ళు తుడుచుకుంది.

పద్దెనిమిదో తారీఖు ఉదయం క్లినిక్‌కు వెళ్ళి రికార్డు ఎక్కించిన పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

"వచ్చింది. మొత్తం ఎనిమిది నెలలూ."

అతను కుర్చీలోంచి లేచాడు. "ఎలా? రాదన్నారు కదా?"

ఇక్కడే ఆగిపోవచ్చు. కష్టపడి తెచ్చానంటే చాలు, అతని కళ్ళలో దేవతైపోతుంది. ఆమె గోడ మీది ఎముకల పటం వైపు చూస్తూ చెప్పింది, "ఆ రోజే వచ్చేది. నేనే వదిలేశాను."

"వదిలేశారా? ఎందుకు?"

"ఆమెది ముందు అన్నారు."

"అంటే?"

"అంతే. ఆమెది ముందు అన్నారు. నాకు నచ్చలేదు."

అర్థం కావడానికి అతనికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"నువ్వేం చేశావో నీకు తెలుసా? ఆమె నాలుగు రోజులు ఏడ్చింది. నేను నా తప్పనుకుని ఆమె కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ డ్రైవ్ నీ చేతికిచ్చిన రోజు నేను నిశ్చింతగా నిద్రపోయాను. నువ్వా ఇలా చేసింది?"

కోపంలో మొదటిసారి 'నువ్వు' అన్నాడు. ఎప్పటినుంచో వినాలనుకున్న మాట ఇలా వినవలసివచ్చింది.

"తప్పే" అని, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఇరవయ్యో తారీఖు వచ్చింది, వెళ్ళింది. ఫోను మోగలేదు. ఈపాటికి ఎంపికై ఉంటుంది. ఈపాటికి అడిగి ఉంటుంది. అతను నవ్వి ఉంటాడు. ఇలా అనుకుంటూ ఒక ఫోను తెర అతికించబోయి తలకిందులుగా అతికించింది. బాబాయి దాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

ఇరవై రెండున ఇక ఉండబట్టలేక వాలీబాల్ గ్రౌండుకు వెళ్ళింది. పొడుగమ్మాయి ఒంటరిగా గోడకు బంతి కొడుతోంది.

"అక్కా, నన్ను తీసుకున్నారు" అంది చూడగానే. "మీరే రికార్డు తెచ్చారట. ఆయన చెప్పాడు."

"మిగతాది చెప్పలేదా?"

"మిగతాదేంటి?"

చెప్పలేదన్నమాట. ఇంజనీరమ్మ అక్కడే నిలబడి, దాచకుండా అంతా చెప్పింది. పొడుగమ్మాయి విన్నది. బంతి ఎత్తి గోడకేసి ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడుకు పిట్టగోడ మీది పావురాలు లేచిపోయాయి.

"ఆ దెబ్బ మీకు వెయ్యాల్సింది" అంది.

"వెయ్యండి."

"సెలెక్షన్ పోయుంటే వేసేదాన్నే." బంతి తిరిగి వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. "ఆయనంటే ఇష్టమా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళనుంచి?"

"నెల కూడా కాలేదు."

"నాకు ఎనిమిది నెలలు." కాళ్ళ దగ్గరి బంతి తీసి చంకలో పెట్టుకుంది. తర్వాత చిన్నగా నవ్వింది, ఆ నవ్వులో ఉడుకుమోతుతనం దాగలేదు. "నిన్న అడిగాను. కాదన్నాడు. మర్యాదగానే అన్నాడులెండి. ఎవరో ఉన్నారట, కానీ ఆ మనిషి మీద ప్రస్తుతం చాలా కోపంగా ఉందట. ఆ మనిషి ఎవరా అని రాత్రంతా ఆలోచించాను, ఇప్పుడు తెలిసింది. మీరు చేసింది నేను మరిచిపోను. ఇప్పుడు వెళ్ళండక్కా, నాకు ప్రాక్టీసుంది."

ఆమె వచ్చేసింది.

ఆ మర్నాటి సాయంత్రం సన్నగా చినుకులు పడుతుండగా ఫిజియో షాపు మెట్లెక్కాడు. చేతిలో కన్సోల్ లేదు, డ్రైవ్ లేదు, తువ్వాలు లేదు.

"గ్రౌండుకు వెళ్ళారట" అన్నాడు.

"వెళ్ళాను."

"ఆమెకు చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"చెప్పకుండా ఉండలేకపోయాను."

అతను కౌంటరు మీద పడిన వాన చినుకులను వేలితో తుడిచాడు. "ఆమెది ముందు అన్నది తారీఖు దగ్గరపడిందని. తుంటి తాతగారికి సెలెక్షన్ ఉంటే ఆయనదే ముందనేవాణ్ణి."

"ఇప్పుడు తెలుసు."

"కేబుల్ సంగతి ఫోన్లో అడిగితే సరిపోయేది. వానలో మోసుకొచ్చాను. మూడోసారి డ్రైవ్ పట్టుకుని నేనే రావచ్చు. మిమ్మల్ని రమ్మన్నాను. అవి మీకు కనపడలేదు. నేను ఎవరి పక్కనో చెయ్యి చాపి నిలబడటం మాత్రం కనపడింది."

"జానెడు దూరంలో ఉంది చెయ్యి" అంది ఆమె. నోరు జారింది.

"కొలిచారా?"

వెనక బల్ల దగ్గర బాబాయి రేడియో గొంతు కొంచెం తగ్గించాడు.

"మొన్న 'నువ్వు' అన్నారు" అంది ఆమె.

"కోపంలో అన్నాను."

"కోపం పోయిందా?"

"లేదు. ఇంకా ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

"చెప్పలేను. ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇలా వచ్చి, ఉందని చెప్తాను."

"పోయాక?"

"పోయిందని నీకు చెప్పడానికి రావాలి కదా" అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

ఆమె తల దించుకుని, అప్పటికే బిగించి ఉన్న స్క్రూను ఇంకాస్త బిగించింది. బాబాయి లేచి కండువా దులుపుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, గొడుగు తెరిచి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నేనలా టీ తాగొస్తాను. గిరాకీ వస్తే చూసుకోండి."

అయిదేళ్ళుగా ఆయన ఎప్పుడు బయటికెళ్ళినా ఆమెతో 'చూసుకో' అనేవాడు. 'చూసుకోండి' అనడం అదే మొదటిసారి.